రెగ్లా అమ్మ దగ్గరికి

క్యూబా రాజధాని హవానా పాత ఊరి రేవులో లాంచీ ఎక్కితే కాసేపట్లోనే అఖాతం దాటి రెగ్లాలో దిగుతాం. సెప్టెంబర్ 7 కాబట్టి లాంచీ నిండా నీలం, తెలుపు బట్టలే. ఆ రోజు రెగ్లా మాత పండుగ. ఆఫ్రికా దేవతలూ క్యాథలిక్ సాధువులూ కలిసిన క్యూబా మతం సాంతెరియా; దాన్ని పాటించేవాళ్లకు ఆవిడే యెమయా, సముద్రపు తల్లి.

చర్చి రేవు పక్కనే ఉంది. మాత నల్లన, చేతిలోని బాల ఏసు తెల్లన. 1714లో ఆవిడను హవానా అఖాతానికి రక్షకురాలిగా ప్రకటించారట. లోపల తోపులాటే. తల నుంచి కాలి దాకా తెల్లబట్టల్లో ఉన్నవాళ్లు కొత్తగా దీక్ష తీసుకున్నవాళ్లు. మన అయ్యప్ప మాల 41 రోజులైతే వీళ్లకు ఏడాది!

పూజ కాగానే జనం నీటి ఒడ్డుకు కదిలారు. అక్కడ ఒక పెద్దావిడ నాలుగు కొబ్బరి ముక్కలు రాళ్ల మీద వేసింది. రెండు తెల్లవైపు, రెండు చిప్పవైపు పైకి పడ్డాయి. ఆవిడ ముఖం విప్పారింది. అలా పడితే అమ్మ గట్టిగా ఔనన్నట్టే. నాలుగూ చిప్పవైపు పైకి పడితే మాత్రం కీడు శంకిస్తారు. తర్వాత నీళ్లలోకి చెరకు పాకం పోసి, ఏడు నాణేలు విసిరి, పుచ్చకాయ వదిలింది. ఏడు యెమయా అంకె.

బానిసలు యజమానుల కళ్లుగప్పి మరియమాత చాటున తమ దేవతను దాచుకున్నారని చదివే వెళ్లాను. మొదట్లో అంతేనేమో. ఈవిడ మాత్రం ఏదీ దాచడం లేదు. ఇందాక సిలువ గుర్తు వేసుకున్న చేత్తోనే పాకం పోసింది. ఇద్దరూ ఒకరేనా అని నా వచ్చీరాని స్పానిష్‌లో అడిగితే, "అమ్మే కదా నాయనా" అని మళ్లీ తన పనిలో పడింది. నైజీరియాలో యొరుబా జాతివాళ్ల యెమొజ, అంటే ఈ యెమయానే, ఓగున్ నది దేవత. గొలుసులు వేసి ఓడలెక్కించినవాళ్ల వెంట వచ్చి, ఇక్కడ ఏకంగా సముద్రమే అయింది.

ఉత్తర ధ్రువం వైపు ఇన్యూట్‌లు అనే ఆదివాసుల సముద్ర దేవత సెడ్నాకు ఇలాంటి గుడీ లేదు, తిరునాళ్లూ లేదు. తండ్రి నరికిన ఆమె వేళ్లే సీళ్లు, తిమింగలాలు అయ్యాయంటారు. ఆమె అలిగితే వేట దొరకదు. అప్పుడు అంగక్కుక్, అంటే వాళ్ల పూజారీ వైద్యుడూ అయినవాడు, పూనకంలో సముద్రం అడుక్కి వెళ్లి చిక్కుపడ్డ ఆమె జుట్టు దువ్వి వచ్చేవాడట. ఊరందరి తరఫునా యాత్ర చేసేది అతనొక్కడే.

రెగ్లాలో అందరూ వస్తారు, అందుకే తిరుగు లాంచీకి పెద్ద క్యూ. నా ముందున్న ఆడవాళ్లు అప్పటికే మర్నాటి సంగతుల్లో పడ్డారు: 8న నదుల దేవత ఓచున్ పండుగ, పసుపు బట్టలు, పొద్దుతిరుగుడు పూలు ఎక్కడ దొరుకుతాయని.