డబ్బాలో ఎండ

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున్నుంచి ముసురు పట్టింది. శ్రావణం కాబట్టి ఇంట్లో నీసు లేదు. వేరే నెలలోనైతే ఈపాటికి చికెన్ షాపు ముందు నిలబడి ఉండేవాణ్ని. ఇవాళ గొడుగు వేసుకుని రైతుబజార్‌కు పోయి అరకిలో బీన్స్, పావుకిలో గోకరకాయ, రెండు కట్టలు కొత్తిమీర తెచ్చాను. మా ఆవిడ నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంది. ఆదివారం వంట నాదే.

బీన్స్ ఏరడానికి ఇవాళ చాలాసేపు పట్టింది. కూరగాయల ఆమె "విరిచి చూసుకో సారూ, నేనేం అనను" అన్నది. లేతకాయ పుటుక్కున విరుగుతుంది, విరిగిన చోట సన్నటి నీటి చుక్క మెరుస్తుంది. ముదిరింది వంగుతుంది గాని విరగదు, గింజలు ఉబ్బి తోలు మీద గడ్డలు కనబడతాయి. సన్నగా, వేలెడు పొడవున్నవే ఏరుకున్నాను. రెండు కాయలు విరిచినందుకు ఆ రెండూ కూడా సంచీలో వేసుకున్నాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే అమ్మ కోసం. ఊరినుంచి వచ్చి పది రోజులైంది. మోకాళ్ల నొప్పులకు చూపిస్తే రక్తపరీక్షలు రాశారు. కొలెస్ట్రాల్ ఎక్కువుంది, నూనె బాగా తగ్గించమన్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఏపుడు లేకుండా ముద్ద దిగదు. మొదటి రోజు "సప్పగ తినుడు నాతోని గాదు బిడ్డా" అన్నది, తర్వాత ఆ మాట కూడా అనలేదు. పెట్టింది సగం తిని కంచం పక్కన పెడుతున్నది. గొణిగితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. అడిగితే ఆకలి లేదంటుంది.

ఎయిర్‌ఫ్రయర్, అంటే మూకుడు నిండా నూనె లేకుండా వేడిగాలితో వేయించే కరెంటు డబ్బా, పోయిన దసరాకు కొన్నాం. ఇన్నాళ్లూ దాన్ని సమోసాలు వేడి చేయడానికే వాడాం. పోయిన ఆదివారం మొదటిసారి అందులో బీన్స్ వేశాను. కడిగి, కోసి, ఉప్పు కారం నూనె కలిపి, బుట్ట నిండా పోసి 200 డిగ్రీలు పెట్టాను. పావుగంట తర్వాత తీస్తే తోలు ముడుచుకుపోయి లోపల మెత్తగా ఉడికి ఉన్నాయి. ఏపుడూ కాదు, ఉడకబెట్టిన కూరా కాదు. అమ్మ రెండు ముక్కలు నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. బుధవారం రాత్రి కార్న్‌ఫ్లోర్ చల్లి మళ్లీ చేశాను. అది ఇంకో రకంగా చెడింది. పొడిపిండి లోపలి ఫ్యాన్ గాలికి లేచి పైన ఉండే హీటర్ కాయిల్‌కు అంటుకుంది. వంటిల్లంతా మాడు వాసన. మా పాప కిటికీలన్నీ తెరిచింది. డబ్బా చల్లారాక ఆ కాయిల్‌ను తడిగుడ్డతో తుడిచేసరికి పదకొండయింది.

గురువారం ఆఫీసులో కూడా నా మనసు దీని మీదే ఉంది. నేను పనిచేసేది కరెంటు ఆఫీసులో. వేడి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందని ఆలోచించడం మాకు అలవాటే. ఆ డబ్బాలో ఉన్నది పైన ఒక హీటర్ కాయిల్, దాని మీద ఒక ఫ్యాన్, అంతే. వేడిగాలి కింది దాకా కొట్టి మళ్లీ పైకి తిరుగుతుంది. ఫిలిప్స్ వాళ్లు 2010లో ఎయిర్‌ఫ్రయర్ పేరుతో అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇన్ని కంపెనీలు చేస్తున్నా లోపలి పద్ధతి మాత్రం ఇదే. మరి నా బీన్స్ ఎందుకు ఉడికాయి?

నీళ్ల వల్ల. బీన్స్‌లో నూటికి తొంభై వంతులు నీళ్లే. పైగా నేను కడిగిన తడి అలాగే ఉంది. నీళ్లు వంద డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి. కాయ మీద తడి ఉన్నంతసేపూ దాని తోలు వంద దాటదు, డబ్బా మీద మనం రెండు వందలు పెట్టినా సరే. ఏపుడుకు ఆ ఎరుపు, ఆ కమ్మటి వాసన రావాలంటే తోలు నూట నలభై దాకా పోవాలి. ముందు తడి పోతే గాని వేగడం మొదలవదు. మూకుట్లో నూనె చేసేది కూడా ఇదే. బీన్స్ వేయగానే పైకి లేచే బుడగలన్నీ కాయలోంచి బయటికి వస్తున్న నీటి ఆవిరే. ఇన్నాళ్లూ కరకర నూనె వల్ల వస్తుందనుకున్నాను. నీళ్లు పోవడం వల్ల వస్తుంది.

ఇవాళ ఆ లెక్కతోనే చేశాను.

కొనలు, పీచు తీసి, నిలువునా కాకుండా రెండంగుళాల ముక్కలు చేశాను. నిలువునా చీలిస్తే లోపలి తడి అంతా పైకి వస్తుంది. కడిగి జల్లెడలో వంపి, పాత తువ్వాల మీద పరిచి, ఇంకో తువ్వాలతో ఒత్తి, ఫ్యాన్ కింద అరగంట వదిలేశాను. ముసురు వల్ల తొందరగా ఆరలేదు. వేలితో రాస్తే జారకుండా కొంచెం పట్టుకున్నట్టు ఉండాలి, అప్పుడు ఆరినట్టు. తర్వాత రెండు చెంచాల పల్లి నూనె వేసి చేత్తో పట్టించాను. నూనె అంటిన తర్వాతే ఒక చెంచా బియ్యప్పిండి, ఒక చెంచా శనగపిండి, చిటికెడు పసుపు. నూనెకు అతుక్కుంటుంది కాబట్టి పిండి ఎగరదు. ఉప్పు మాత్రం వేయలేదు. ఉప్పు ముందే వేస్తే కాయలోని నీళ్లను బయటికి లాగి, అరగంట ఆరబెట్టిన పనంతా పాడు చేస్తుంది. పోయిన ఆదివారం జరిగింది అదే.

అరకిలో ఒకేసారి పోయలేదు. సగం సగం, రెండు వాయలు. ముక్క మీద ముక్క పడితే మధ్యలో ఆవిరి ఆగిపోయి మళ్లీ ఉడుకుతాయి. ఒక్క వరసగా పరిచి 190లో ఆరు నిమిషాలు, బుట్ట బయటికి లాగి ఊపి ఇంకో ఐదు నిమిషాలు. కల్యామాకు రెబ్బ దూసి, నూనె రాసి, చివరి రెండు నిమిషాలకు ముక్కల కింద దూర్చాను. పైన వేస్తే అది కూడా ఎగిరి కాయిల్‌ను అంటుకుంటుంది.

మొదటి వాయ నడుస్తుంటే అమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. డబ్బా వెనక సందులోంచి వచ్చే గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసింది. వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఇది ఎండ లెక్కనే ఉన్నది గదరా. వడగాలి."

"అంతే అమ్మా. వేడిగాలితో తడి తీస్తది."

"మరి గోకరకాయ ఒరుగులు గట్లనే గదా చేస్తుంటిమి."

నాలుగు రోజులు లెక్కలు వేసిన నాకు ఈ మాట తట్టలేదు. చిన్నప్పుడు ఎండాకాలమంతా మా ఇంటి ముందర నులక మంచం మీద ఒరుగులే. గోకరకాయను ఉప్పు వేసిన సల్లలో ఒక పొంగు ఉడికించి, వడగట్టి, పాత చీర మీద పరిచేది. మూడు నాలుగు రోజులు ఎండితే చేతిలోకి తీసుకుని ఊపినప్పుడు గలగలమనేవి. డబ్బాల్లో పోసి మూత పెడితే ఏడాది ఉండేవి. పప్పన్నంలోకి నాలుగు వేయించి పెడితే చాలు. కూర అడిగేవాళ్లం కాదు.

అమ్మ అక్కడితో ఆగలేదు. పెళ్లయిన కొత్తలో నాయిన శ్రీశైలం డ్యాం పనికి పోయేవాడట. డ్యాం 1981లో పూర్తయింది, ఇది అంతకు ముందు మాట. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఊళ్లో పదిహేను మందిని ఒకేసారి తీసుకుపోయేవాడు. పోయే ముందు రోజు అమ్మ మూట కట్టేది. అందులో జొన్నపిండి, ఎండుమిర్చి, ఉప్పు, ఒక సంచీ నిండా ఒరుగులు. అక్కడ కూరగాయలు దొరికేవి కావు, దొరికినా కొనే పైసలు ఉండేవి కావు. రాళ్ల పొయ్యి మీద రొట్టె కాల్చుకుని, అదే పెనం మీద రెండు చుక్కల నూనెతో ఒరుగులు వేయించుకునేవాళ్లు.

"నూనె అప్పుడెక్కడిదిరా? పండుగకే మూకుడు పెడుతుంటిమి. గీ ఏపుళ్ల రుచి మొన్న మొన్న మరిగింది."

ఈ సంగతి నాకు తెలియదు. నాయిన డ్యాం పనికి పోయాడని తెలుసు గాని మూటలో ఏముండేదో ఎప్పుడూ అడగలేదు. ఇట్లా వలస పోయే కూలీలను పిలిచే పాలమూరు లేబర్ అనే మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. మట్టి, తట్టలు, గుడిసెలే కళ్ల ముందు కనబడేవి. ఆ మాటలో ఒరుగుల సంచీ కూడా ఉందని ఇవాళే తెలిసింది. నాయిన పోయి ఏడేళ్లయింది. ఆయన్ను అడగాల్సింది.

టైమర్ గంట కొట్టింది. బుట్ట లాగితే ముక్కలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అమ్మ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంచులు ఎర్రగా, మధ్యలో పచ్చదనం పోకుండా, పిండి పట్టిన చోట సన్నటి పొక్కులు. వేడి మీదనే గిన్నెలో వేసి ఉప్పు, దంచి పెట్టిన ఎల్లిపాయ కారం చల్లి ఎగరేశాను. ఎల్లిపాయ ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది.

ఒక ముక్క అమ్మ చేతిలో పెట్టాను. ఊది, ముందు పళ్లతో కొరికింది. కరుక్కుమన్న శబ్దం నాకు వినబడింది. నెమ్మదిగా నమిలి, ఏమీ అనకుండా ఇంకో ముక్క తీసుకుంది. మూడోది కూడా. నేను రెండో వాయ పెట్టే సాకుతో అటు తిరిగాను, కళ్లలో నీళ్లు ఆమెకు కనబడకూడదని.

మధ్యాహ్నం ముద్దపప్పు, పచ్చిపులుసు, బీన్స్ ఏపుడు. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. మా ఆవిడ నిద్ర లేచి వచ్చి కంచం చూసి "నూనె ఎంత పోశారండీ?" అని గట్టిగానే అడిగింది. రెండు చెంచాలంటే నమ్మలేదు. గిన్నె అడుగు వంచి చూపించాను. పాప పచ్చిపులుసులో ముంచుకుని తిన్నది. అలా ముంచితే మెత్తబడతాయని చెప్పినా వినలేదు.

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. ఎయిర్‌ఫ్రయర్‌ను మామూలు ప్లగ్‌లో పెట్టకూడదు. మాది 1500 వాట్లది. 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. చిన్న ప్లగ్ తట్టుకునేది ఆరు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి వాడేవాళ్ల ఇళ్లలో ప్లగ్ పిన్నులు నల్లబడడం నా కళ్లతో చూశాను. గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. ఎవరైనా కొన్నామంటే వంట సంగతి కంటే ముందు ఇదే చెబుతాను. కరెంటు ఖర్చంటారా, రెండు వాయలకు ఇరవై రెండు నిమిషాలు, మొత్తం కలిపి అర యూనిట్ చిల్లర.

సాయంత్రం మా ఆవిడ డ్యూటీ బాక్సులో మిగిలిన ఏపుడు పెట్టాల్సి వచ్చింది. వేడిగా ఉన్నప్పుడు మూత పెడితే ఆవిరి లోపలే తిరిగి మళ్లీ మెత్తబడతాయి. అందుకే ఇంకో నాలుగు నిమిషాలు డబ్బాలో తిప్పి, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాక, కింద కాగితం మడత వేసి సర్దాను. అయినా ఈ ముసురులో రాత్రి పదింటి దాకా కరకర నిలుస్తుందని చెప్పలేను. పొద్దున వచ్చాక అడగాలి.

ఇప్పుడు అమ్మ హాల్లో ఉంది. రేపటికి గోకరకాయ. నేను బీన్స్ లాగే పచ్చిగానే వేద్దామన్నాను. "కట్టెలైతయి. సల్లల ఒక్క పొంగు రానియ్యాలె" అన్నది. గోకరకాయ పీచు గట్టిది, బీన్స్‌లాగా కాదు, ఆమె చెప్పిందే నిజం. ఇప్పుడే ఉడికించి వడగట్టింది. పొద్దున నేను వాడిన తువ్వాలే దివాన్ మీద పరిచి, ఒక్కో కాయ దేనికదే విడివిడిగా పెడుతున్నది. మోకాళ్లు నొస్తున్నాయి కదా, పడుకోమ్మా అంటే "నాలుగే ఉన్నయి" అంటుంది.

లేచి వెళ్లి ఫ్యాన్ ఐదులో పెట్టి వచ్చాను.