ఫోర్కు అడుగున ఆ ఎలెన్ బోల్టు

ఈ ఆదివారమంతా నాన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ముందు ఫోర్కుల దగ్గరే, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు తట్టుకునే రెండు కాళ్ల దగ్గరే గడిచిపోయింది. ఎడమ కాలులో ఆయిల్‌ని ఆపే రబ్బరు సీలు నుంచి ఆయిల్ కారడం మొదలై చాలా రోజులైంది, బ్రేకు పట్టినప్పుడల్లా బండి ముందుకి కుంగిపోతోంది, ఇక వాయిదా వెయ్యడానికి లేదు. సీలు మార్చడం పెద్ద పనేం కాదు, అక్కడిదాకా చేరనివ్వని బోల్టులతోనే గొడవంతా.

1985లో వచ్చి 1996లో ఆగిపోయిన మోడల్ ఇది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్, కాబట్టి కాగితాల మీద మాది ఇంకా మామూలు పాత బండే. కానీ ఇన్నేళ్లు వానలో బురదలో తిరిగిన ఇనుముకి ఆ లెక్కతో పనేముంది?

ఫోర్కు కాళ్లని బండికి పట్టి ఉంచే కింది క్లాంపు బోల్టులు ముందు చక్రం విసిరే బురద తగిలే చోటే ఉంటాయి. అందుకే వాటికి రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేశాను. కొంతమంది బ్రేక్ ఆయిల్ పోస్తారు, నాకైతే అస్సలు నచ్చదు, అది తగిలిన చోటల్లా పెయింటు లేచిపోతుంది. పొద్దున్న సుత్తితో బోల్టు తల మీద చిన్నగా కొడుతుంటే నాన్న వచ్చి "ముందు కొంచెం బిగించరా, అప్పుడు వదులు చెయ్యి" అన్నారు. ఆయన చెప్పినట్టే బిగించే వైపు కొద్దిగా తిప్పాను, టక్ మని చప్పుడొచ్చింది, అంటే తుప్పు పట్టు విడిపోయింది, ఆ తర్వాత రింగు స్పానర్‌కి మెత్తగా వచ్చేసింది. నోరు తెరిచి ఉండే స్పానర్ ఇలాంటి చోట వాడనే కూడదు, అది రెండు మూలల మీదే పట్టుకుంటుంది, జారిందంటే తల గుండ్రమైపోతుంది.

అసలు పరీక్ష ఫోర్కు అడుగున ఉండే ఎలెన్ బోల్టు, తలలో ఆరు మూలల గుంట ఉండే రకం. బయటి అల్యూమినియం కాలులోంచి పైకి వెళ్లి లోపల ఫోర్కు ఊగుడుని అదుపు చేసే డ్యాంపర్ రాడ్‌లో బిగిసి ఉంటుంది, దాని కింద ఒక కాపర్ వాషర్. ఆ రాడ్‌ని లోపల కదలకుండా పట్టుకునేది ఏమీ లేదు, పైనుంచి స్ప్రింగు నొక్కుతున్న ఒత్తిడి తప్ప. కాబట్టి చాలామంది చేసినట్టు ముందు పై క్యాప్ తీసి, స్ప్రింగు లాగేసి, ఆయిల్ పారబోసి, అప్పుడు కింద ఎలెన్ కీ పెడితే బోల్టూ రాడ్డూ కలిసి గిరగిరా తిరుగుతూనే ఉంటాయి, ఎంత బలం పెట్టినా ఉపయోగం ఉండదు. చక్రం, మడ్‌గార్డు తీశాక కాళ్లు ఇంకా క్లాంపుల్లో ఉండగానే, క్యాప్ ముట్టుకోకముందే, ఈ బోల్టు సంగతి తేల్చాలి. నాన్న కాలుని కిందనుంచి పైకి నొక్కిపట్టుకున్నారు, నేను బ్యాటరీ ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే మిషను) పెట్టాను. ఎడమది క్షణాల్లో వచ్చేసింది. గన్ కొట్టే వేగానికి రాడ్ తిరగబోయేలోపే బోల్టు వదులైపోతుంది.

కుడిది రాలేదు. ఇంతకుముందు ఎవరో విప్పి, మరలకి లాకింగ్ గమ్ము దట్టంగా పూసి బిగించినట్టున్నారు. హాట్ ఎయిర్ గన్‌తో కాలు అడుగు బాగా వేడి చేశాం. లోపల ఆయిల్ ఉంది కాబట్టి మంట పెట్టే ఆలోచనే చెయ్యకూడదు. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, తల చుట్టూ పట్టు సడలుతుంది, గమ్ము కూడా మెత్తబడుతుంది. మళ్లీ గన్ పెడితే ఈసారి తిరిగింది, కానీ రాడ్‌తో కలిసి.

అప్పుడు కాలు మొత్తం దింపేశాం. క్యాప్ చివరి మరల దగ్గర అరచేత్తో అదిమిపట్టుకుని నెమ్మదిగా విప్పాలి, లేకపోతే స్ప్రింగు దాన్ని మొహానికి విసిరికొడుతుంది. స్ప్రింగు తీశాక లోపలినుంచి వచ్చిన ఆయిల్ నల్లగా, బురదలా ఉంది, ఎప్పుడు మార్చారో ఏమో. నాన్న పాత పార కర్ర ఒకటి తెచ్చి చివర కత్తితో సన్నగా చెక్కారు. దాన్ని పైనుంచి దించి డ్యాంపర్ రాడ్ నోట్లో దిగేలా సుత్తితో రెండు దెబ్బలు వేసి, ఆయన ఒంటి బరువంతా కర్ర మీద వేసి నిలబడితే, నేను కిందనుంచి పొడవాటి ఎలెన్ కీతో తిప్పాను. కాలు నిలబెట్టి ఉన్నప్పుడు ఎటు తిప్పాలో తికమకగా ఉంటుంది, బోల్టు తలకి ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని ఎడమకి తిప్పాలి. కొంచెం కొంచెంగా వచ్చింది. వచ్చినప్పుడు నాన్న మొహం చూడాలి!

కొత్త ఇంపాక్ట్ గన్ కొని, ఫోర్కు పైపు వైస్‌లో బిగించి నలిపేసేవాళ్లని చూశాను, నాకు చాలా బాధేస్తుంది. ఈ పైపులు ఇప్పుడు మంచివి దొరకడమే కష్టం, క్రోమ్ మీద గీత పడిందంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కారుతూనే ఉంటుంది. మా పైపులు మాత్రం బాగున్నాయి, సీలు రాసుకునే చోట వేలితో తడిమి చూశాను, ఎక్కడా గుంట తగల్లేదు.

రేపు సాయంత్రం విజయవాడ ఆటోనగర్ వెళ్లాలి. సీళ్లు, డస్ట్ క్యాపులు, రెండు కొత్త కాపర్ వాషర్లు, ఫోర్కు ఆయిల్. ఎలెన్ బోల్టులు కూడా కొత్తవే తెస్తాను, కుడిదాని తలలో మూలలు అరిగిపోయాయి, దాన్ని మళ్లీ బిగిస్తే తర్వాత విప్పేవాళ్లకి నరకం. గమ్ము అయితే ఒక్క చుక్క చాలు.