తెరుయెల్ కొండల్లో బ్రెడ్డు బండి

స్పెయిన్‌లోని వలెన్సియాలో నేను రోజూ ఆఫీసుకి సైకిల్ తొక్కేది నది అడుగునే. నిజంగానే. 1957 అక్టోబరు వరదకి ఊరు మునిగిపోతే, తూరియా నదిని ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్ళించేశారు, పాత నది పారిన చోట ఇప్పుడు దాదాపు 9 కిలోమీటర్ల పొడవున తోట ఉంది. పైన వంతెనలు అలాగే ఉన్నాయి, కింద పిల్లలు బంతాట ఆడుకుంటుంటారు. రాజమండ్రిలో గోదావరి గట్టున పెరిగినదాన్ని, రెండేళ్ళుగా ఈ నీళ్ళు లేని నదిని చూసీ చూసీ, అసలవి పుట్టేదెక్కడో చూసొద్దామనిపించింది. పైన కొండల్లో దాని పేరు గ్వదలవియార్, పుట్టేది తెరుయెల్ జిల్లాలో.

ఆఫీసులో చెబితే అందరిదీ ఒకటే జోకు, "తెరుయెల్ అని ఒకటుందా?" అని. ఎంత పాత జోకంటే, 1999లో అక్కడివాళ్ళు రోడ్లూ రైళ్ళూ కావాలని ఉద్యమం మొదలుపెట్టినప్పుడు దానికి "తెరుయెల్ ఉంది" అనే పేరు పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కణ్ణించి మాడ్రిడ్‌కి నేరుగా రైలు లేదు.

ప్లానింగుకి మూడు వారాలు పట్టింది. తెరుయెల్‌లో బయల్దేరి అల్బర్రసీన్, ఫ్రీయాస్, తాహో నది పుట్టే చోటు, గ్వదలవియార్ ఊరు, గ్రియేగోస్, ఒరివేలా, బ్రొన్‌చాలెస్, అక్కణ్ణించి కిందికి దిగి సాంతా యులాలియా, ఆ తర్వాత పాత గనుల రైలు మార్గాన్ని సైకిల్ దారిగా మార్చారే, దాని మీద సెయ్యా దాటి మళ్ళీ తెరుయెల్. 180 కిలోమీటర్ల పైచిలుకు, మూడు రాత్రులు. ఎక్సెల్‌లో ఎక్కడెక్కడ ఎంత ఎక్కాలో, ఎక్కడ పంపు ఉందో అన్నీ రాసుకున్నాను. ఆ చుట్టుపక్కలే కలమోచాలో 1963 డిసెంబరులో మైనస్ 30 పడిందని చదివి, మే నెలకి రెండు స్వెట్టర్లు కుక్కాను. ఏ ఊళ్ళో కొట్టు ఏ రోజు తీస్తారన్న కాలమ్ మాత్రం పెట్టుకోలేదు. మన వైపు పెరిగినవాళ్ళకి ఆ ఆలోచనే రాదు కదా, ఎంత చిన్న ఊరైనా మొదట్లో ఒక బడ్డీకొట్టు, అరటిగెల, టీ ఉంటాయనే ధీమా.

అల్బర్రసీన్ ఫొటోలు మీరంతా చూసే ఉంటారు, ఎర్రమట్టి రంగు ఇళ్ళు, కొండ మీద కోటగోడ. బాగుంటుంది. గదికి 75 యూరోలు తీసుకున్నారు, సంచులు మంచం మీద పెడితే తప్ప నిలబడటానికి చోటు లేదు, ఇంకేం చెప్పను.

రెండో రోజు ఆదివారం. ఫ్రీయాస్ దాటాక పైన్ అడవి, తాహో పుట్టేచోట పెద్ద పెద్ద విగ్రహాలు, మధ్యలో నీటి ఊట. 1,007 కిలోమీటర్లు నడిచి లిస్బన్ దగ్గర సముద్రంలో కలిసే నది అక్కడ మన పంటబోదె అంత కూడా లేదు. గ్వదలవియార్ మొదలయ్యేదీ ఆ దగ్గర్లోనే, కానీ అది ఇటు తిరిగి మా వలెన్సియా వైపు వస్తుంది. గోదావరిని నాసిక్ వైపు ఎప్పుడూ చూడలేదు నేను, చూసిందంతా ఈ చివరే. కాసేపు ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి.

ఆ రాత్రి ఆగిన ఊరి పేరు చెప్పను. ఊరికి ఉన్నది ఒక్క బారు, అదీ మూసేసుంది. గది తాళం పూలకుండీ కింద పెట్టామని మెసేజ్. సంచిలో మిగిలింది రెండు అరటిపళ్ళు, అమ్మ పంపిన కందిపొడి డబ్బా. అరటిపండు కందిపొడిలో అద్దుకుని తినొచ్చని ఆ రాత్రే తెలిసింది, మీరు ప్రయత్నించకండి.

పొద్దున్నే హారన్. ఆగకుండా మోగుతోంది. సైకిల్ దారికి అడ్డం పెట్టానేమోనని పరిగెత్తుకెళ్ళాను. తెల్ల వ్యాను, వెనక తలుపులు తీసుంటే లోపల బ్రెడ్డు బుట్టలు. అప్పుడు గమనించాను, రెండు మూడు ఇళ్ళ తలుపు గొళ్ళేలకి గుడ్డసంచులు వేలాడుతున్నాయి. మన వీధుల్లో పాలప్యాకెట్ల కోసం గేటుకి సంచి తగిలిస్తారు చూడండి, సరిగ్గా అలాగే. వ్యానతను దిగి ఒక్కో సంచిలో ఒక్కో పొడుగు రొట్టె పెట్టుకుంటూ పోతున్నాడు. నాకొకటి ఇమ్మంటే తల అడ్డంగా ఊపాడు. అన్నీ ముందే చెప్పి ఉంచినవట, పై ఊళ్ళవి కూడా లెక్కేనట. డబ్బులు పట్టుకుని బ్రెడ్డు ముందు నిలబడి ఏడుపొచ్చినంత పనైంది.

ఎదురింటి ముసలావిడ బొంత చెప్పులతో బయటికొచ్చి ఇదంతా చూసింది. ఏమీ అనకుండా తన రొట్టెని మోకాలికేసి విరిచి సగం నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే కోప్పడింది. "ఒక్కదానివే వచ్చావా, ఇహా?" అంది, ఇహా అంటే అమ్మాయీ అని. లోపలికి రమ్మని ఆలివ్ నూనె సీసా తెచ్చింది. నేను కందిపొడి తీశాను. నూనెలో పొడి కలిపి రొట్టె ముక్క అద్దిస్తే, నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అద్దుకుంది. కొడుకులిద్దరూ ఉండేది వలెన్సియాలోనేనట, ఆగస్టులో పండక్కి వస్తారట. చలికాలం పొగ లేచే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఈశాన్యం చూసి కట్టుకున్న డాబాలకి వేలాడే తాళాలు గుర్తొచ్చాయి. అక్కడ సంక్రాంతి, ఇక్కడ ఆగస్టు, అంతే తేడా.

పొడి డబ్బాలో సగం ఆవిడకి వంపేశాను. వలెన్సియాలో వాళ్ళబ్బాయి ఉండే వీధి పేరు చెప్పింది, మా ఆఫీసు వెనకే.

మూడో రోజు ఎక్కుళ్ళ గురించి రాయాలంటే మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. చివరి రోజు మాత్రం హాయి, వాయవ్యం గాలి వీపున తోస్తుంటే సాంతా యులాలియా నుంచి దాదాపు తొక్కకుండానే వచ్చేశాను. సెయ్యాలో ఆ పెద్ద పాతాళబావి రాతిగోడ పక్కన కూర్చుని, మిగిలిన రొట్టె చివర రాయిలా గట్టిపడితే గోడకేసి కొట్టి విరుచుకుని, డబ్బా అడుగున ఉన్న పొడితో తినేశాను.