డెబ్బై శాతం, దేనిలో?

పదకొండున్నర అయింది. అత్తయ్య మోకాలికి తైలం రాయించుకుని పడుకున్నారు. ఈయనా నిద్రపోయారు. నాకు మాత్రం ఆ డెబ్బై బుర్రలోంచి కదలడం లేదు. రాసేస్తేనైనా నిద్ర పడుతుందేమోనని కూర్చున్నాను. ఒకటే ఉక్కపోత. సాయంత్రం నుంచి మబ్బు పట్టి ఉంది గానీ చినుకు పడలేదు.

పిల్లల కోసం ఐవీఎఫ్, అదే టెస్ట్ ట్యూబ్ పద్ధతి, చేయించుకుందామని ఈరోజు మూడో క్లినిక్‌కి వెళ్ళొచ్చాం. అదే, మా స్టాఫ్ రూమ్‌లో అందరూ "అక్కడికి వెళ్తే అయిపోతుంది" అంటున్న పెద్దది. హాఫ్ డే లీవు పెట్టి ఎండలో స్కూటర్ మీద వెళ్తే, డాక్టరు గారికంటే ముందు కౌన్సెలర్ గదిలో కూర్చోబెట్టారు. గాజు బల్ల. దాని మీద గులాబీ రంగు ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ. పక్కనే లామినేషన్ చేసిన రేట్ల కాగితం, మూడు గడులు. ఒక సైకిల్‌కి, అంటే ఒకసారి చికిత్సకి, 1,85,000 రూపాయలు. రెండు కలిపి కడితే తగ్గుతుంది. మూడు కడితే ఇంకా తగ్గుతుంది. మందులు వేరే. ఇంజెక్షన్లు ఎంతవుతాయని ఈయన అడిగితే "అది మేడమ్ బాడీని బట్టి సార్" అంది ఆ అమ్మాయి.

అది నిజమే, ఒప్పుకుంటాను. నాకు కోపం వచ్చింది దాని మీద కాదు.

"మీ దగ్గర సక్సెస్ రేటు ఎంత?" అని అడిగాను.

"డెబ్బై శాతం మేడమ్."

"దేనిలో డెబ్బై?"

"మా సెంటర్‌లో మేడమ్."

ఏడో తరగతి పిల్లలకి శాతాలు మొదలుపెట్టే రోజు నేను బోర్డు మీద రాసే మొదటి మాటే 'దేనిలో?' అని. కింద హారం లేకుండా పైన అంకె చెబితే మార్కు ఇవ్వను. అందుకే మళ్ళీ అడిగాను. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన వాళ్ళందరిలోనా? అండాలు తీసిన వాళ్ళలోనా? పిండాన్ని లోపల పెట్టిన వాళ్ళలో మాత్రమేనా? మధ్యలో ఆగిపోయిన వాళ్ళని లెక్కలోంచి తీసేస్తే ఎవరికైనా శాతం పెరుగుతుంది. పైన ఉన్న అంకె మాత్రం ఏమిటి? రక్త పరీక్షలో గర్భం నిలిచిందని చెప్పే బీటా హెచ్‌సీజీ పాజిటివ్ వస్తే సక్సెస్ అంటున్నారా, స్కాన్‌లో గుండె చప్పుడు వినిపిస్తేనా, బిడ్డ చేతికొస్తేనా? ఇరవై ఎనిమిదేళ్ళ పిల్లనీ ముప్పై ఆరేళ్ళ నన్నూ ఒకే లెక్కలో కలిపారా? దాత అండాలతో చేసినవి కూడా అందులోనే ఉన్నాయా?

ఇన్ని అడిగానని కాదు గానీ, అడగగలిగినన్ని అడిగాను. ఆ అమ్మాయి నవ్వు మొహం మారలేదు. "పాజిటివ్‌గా ఉండండి మేడమ్, టెన్షన్ పడితే రిజల్ట్ మీద పడుతుంది" అంది. అంటే రేపు రాకపోతే తప్పు నా టెన్షన్‌దన్నమాట. ఆ తర్వాత, నెలాఖరులోపు కడితే పాతిక వేలు తగ్గిస్తామంది. బట్టల షాపులో ఆషాఢం తగ్గింపు చెప్పినట్టు, నా కడుపు గురించి చెప్పింది.

ఈ సంతాన చికిత్సల మీద 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టంలోనే ఉంది. చికిత్స లాభనష్టాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, కవలలు పడే ప్రమాదం, తమ క్లినిక్‌లో ఫలించే అవకాశం ఎంతో దంపతులకి వివరించి, వాళ్ళు తెలిసి నిర్ణయం తీసుకునేలా చూడాల్సిన బాధ్యత క్లినిక్‌దే అని. నేను అడిగింది దయ కాదు. ఇంగ్లండ్‌లో ఈ క్లినిక్‌లని చూసే ప్రభుత్వ సంస్థ ఏ క్లినిక్ ఫలితాలెలా ఉన్నాయో జనమంతా చూసుకునేలా వెబ్‌సైట్‌లో పెడుతుంది, అది కూడా వయసుల వారీగా. ఇక్కడ నేను గాజు బల్ల ముందు కూర్చుని బతిమాలుకోవాలి.

కానీ అసలు ముల్లు ఇది కాదు. రాస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది.

లేచి వచ్చేసే ముందు ఈయన తన వీర్య పరీక్ష రిపోర్టు తీసి ముందు పెట్టారు. రెండేళ్ళ కిందటిది. "ఇది పాతది కదా, మళ్ళీ చేయించుకోమంటారా?" అని ఆయనే అడిగారు. ఆ అమ్మాయి దాన్ని తిప్పి కూడా చూడకుండా "అవసరం లేదు సార్, ఎలాగూ ఇక్సీ చేసేస్తాం, ముందు మేడమ్‌వి చూసుకుందాం" అంది. మగవాళ్ళకి వీర్యకణాలు తయారవడానికి పట్టేది రెండున్నర నెలలు. రెండేళ్ళ కిందటి కాగితం ఈరోజు సంగతి ఏం చెబుతుంది? ఏమీ చూడకుండానే ఇక్సీ, అంటే ఒక్కొక్క అండంలోకి వీర్యకణాన్ని సూదితో ఎక్కించేస్తాం, అని ముందే నిర్ణయించేశారు. 'ముందు మేడమ్‌వి'. ఆ మాట దగ్గర నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది. అప్పటి నుంచి పొద్దంతా ఆవిడే.

అప్పుడు నాకు పదేళ్ళు, ఐదో తరగతి. పెద్దమ్మ భీమిలి నుంచి బస్సులో వచ్చేది, నెలకోసారో రెండు నెలలకోసారో. అమ్మకి డ్యూటీ ఉంటే నన్ను తోడు తీసుకెళ్ళేది. పెద్దనాన్న కూడా వచ్చేవారు గానీ లోపలికి రారు. బయట వేపచెట్టు కింద అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. పెద్దమ్మ దగ్గర ఒక బట్టల షాపు కవరు ఉండేది, చీర పెట్టి ఇచ్చేది, పచ్చది. చెవులు తెగిపోతే వాటికి పురికొస కట్టింది. అందులో పద్నాలుగేళ్ళ కాగితాలు. బెంచీ మీద కూర్చుని ఒక్కోటీ బయటికి తీసి నా ఒళ్ళో పెట్టి "ఇదేం రాశారో చదవే అమ్మలూ" అనేది. నాకేం తెలుసు, అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. ఎన్, ఓ, ఆర్, ఎమ్, ఏ, ఎల్. నార్మల్. ఇంకో కాగితం, అదీ నార్మల్. "అన్నీ నార్మలే పెద్దమ్మా!" అని గట్టిగా చెబితే చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. ఆవిడ సంతోషపడుతుందనుకున్నాను. కాగితాలన్నీ అంచులు సరిచేసి మళ్ళీ కవర్లో పెట్టుకుంది, అంతే.

ఆరోజే ట్యూబుల ఎక్స్‌రే తీశారు. ఇప్పుడు తెలుసు దాన్ని హెచ్ఎస్‌జీ అంటారని, నాకూ తీశారు కాబట్టి. గోడ పట్టుకుని నడుచుకుంటూ బయటికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గోడకి. గోడ సున్నం అరచేతికి అంటుకుంది. ఆ తెల్లచెయ్యి నా తల మీద వేసి "పద, ఆకలేస్తోందా?" అంది. పెద్దనాన్న పేపరు మడిచి "ఏమన్నారు?" అన్నారు. "అన్నీ బాగానే ఉన్నాయట" అంది. "మరెందుకు?" అన్నారాయన. ఆ 'మరెందుకు'కి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయనకి ఒక్క పరీక్ష చేస్తే తేలిపోయే జవాబేమో, ఆ పరీక్ష ఎవరూ రాయలేదు, ఆయన అడగలేదు, ఆవిడ అడగలేదు. మార్గశిరం వస్తే గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి తెల్లవారుజామునే వెళ్ళి క్యూలో నిలబడేది. అక్కడ పూజారి అడ్డం ఉండడు, మన చేత్తో మనమే అమ్మవారికి పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. పెద్దమ్మకి అదే ఇష్టం. ఆవిడని ఎవరూ ఏమీ అడగని చోటు అదొక్కటే అయ్యుంటుంది.

పెద్దనాన్న చెడ్డవారని కాదు రాస్తున్నది. నాకు సైకిలు నేర్పింది ఆయనే. అప్పట్లో ఆయనని లోపలికి రమ్మని ఏ డాక్టరూ పిలవలేదు. ఇప్పుడు ఈయన తనంతట తాను లోపలికొచ్చి, కాగితం తీసి ఇస్తే, తిప్పి కూడా చూడలేదు. పాతికేళ్ళు దాటాయి.

అందుకే కూర్చున్నప్పుడు, మహారాణిపేట సందులో ఉన్న ఆ చిన్న క్లినిక్కే ఖాయం అని రాద్దామనుకున్నాను. పోయిన వారం అక్కడికి వెళ్ళొచ్చాం గానీ దాని గురించి రాయలేదు. ఆ డాక్టరమ్మ స్కాన్ చేస్తూ స్క్రీను నా వైపు తిప్పారు. నల్లగా చిన్న చిన్న గుండ్రాలు, అండాలు పెరిగే సంచులు. వేలు పెట్టి చూపిస్తూ తెలుగులో లెక్కపెట్టారు. ఎడమ వైపు నాలుగు, కుడి వైపు మూడు. "ఏడున్నాయమ్మా. నీ రక్త పరీక్షలో ఏఎంహెచ్ 1.1 వచ్చింది, రెండూ సరిపోతున్నాయి. వయసుకి తక్కువే. కానీ ఏఎంహెచ్ అండాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఎలాంటివో చెప్పదు" అన్నారు. ఈయనకి కొత్త పరీక్ష రాసి, మూడు రోజులు ఆగి ఇవ్వమన్నారు. నాకెంత అవకాశం ఉందంటే, ఒక అంకె చెప్పి పంపడం తనకి ఇష్టం లేదనీ, మొదటిసారి ఎన్ని అండాలొస్తాయో చూశాక మాట్లాడదామనీ అన్నారు. బయటికొచ్చాక బీచ్ రోడ్డులో బండి ఆపి ముంత మసాలా తిన్నాం. చాలా రోజుల తర్వాత ఈయన గట్టిగా నవ్వారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఈ సాయంత్రం ఆ క్లినిక్‌కి ఫోన్ చేశాను, ఎంబ్రియాలజిస్ట్, అంటే ల్యాబులో పిండాలని చూసుకునే నిపుణుడు, ఎవరని అడగడానికి. సిస్టర్ మంచిది, దాచలేదు. "మేడమ్, సార్ బయట ఊరి నుంచి వస్తారు. ఏడెనిమిది మందిని బ్యాచ్‌గా పెట్టుకుని ఆ తేదీలకి చేస్తాం" అంది. అంటే మాత్రలు ఇచ్చి అందరి నెలసరినీ ఒక తేదీకి తెస్తారు. ఆ సార్ వచ్చిన రోజుల్లోనే నా ఏడు గుండ్రాలూ పెరగాలి.

ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకున్నాను, కాగితం మీద. ఏడులో ఆరు అండాలు దొరికాయనుకుందాం. వాటిలో పక్వమైనవి ఐదు. ఫలదీకరణ జరిగేవి మూడు, మహా అయితే నాలుగు. ఐదో రోజు దాకా నిలిచేవి అందులో సగమో, అంతకన్నా తక్కువో. అంటే ఒకటి. అదృష్టం బాగుంటే రెండు. ఆ ఒక్కటీ ఐదు రోజులు ఉండేది డాక్టరమ్మ చేతిలో కాదు. ఇంక్యుబేటర్‌లో, 37 డిగ్రీల దగ్గర, ఎంబ్రియాలజిస్ట్ కళ్ళ ముందు. ఆ మనిషి మూడో రోజుకే రైలెక్కి వెళ్ళిపోతే చూసేదెవరు? కరెంటు పోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఒక్క పూటలో మన వైజాగ్‌ని ఏం చేసిందో మనకి తెలుసు. మా వీధికి కరెంటు రావడానికి వారం పట్టింది. జనరేటర్ గురించి నేను అక్కడ అడగనే లేదు. స్క్రీను తిప్పి చూపించారని మనసు కరిగిపోయింది.

పెద్ద ల్యాబే ఉండాలా అంటే, 1978లో ఇంగ్లండ్‌లో మొదటి టెస్ట్ ట్యూబ్ పాప పుట్టిన రెండు నెలలకే, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ గారి చేతుల మీదుగా అదే పద్ధతిలో దుర్గ అనే పాప పుట్టింది. అప్పటికి ఆయన దగ్గర ఏం పరికరాలున్నాయని! ఆయనని నమ్మకపోగా అవమానించారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. కానీ దుర్గ విషయంలో కూడా పక్కనే ఉండి చూసుకున్న మనుషులున్నారు. బ్యాచ్ తేదీకి వచ్చి వెళ్ళినవాళ్ళు కాదు.

ఇప్పుడు నేను తిట్టుకుంటున్న పెద్దచోట ఇద్దరు ఎంబ్రియాలజిస్టులు రోజూ ఉంటారు. ఆదివారం కూడా. గోడ మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది, లెవెల్ 2 అని, నేను చూశాను. లెవెల్ 1 అయితే ఐయూఐ, అంటే వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం, వరకే, ఐవీఎఫ్ చేయకూడదు. కౌన్సెలర్ మీద కోపంతో డాక్టరు గారిని చూడకుండానే లేచి వచ్చేశాను. అది తొందరపాటే. ఈయన అప్పుడే అన్నారు, "వచ్చాం కదా, డాక్టరుని అడుగుదాం, ఐదు నిమిషాలు కూర్చో" అని. నేనే వినలేదు. రేపు పొద్దున్న ఆయనకి ఆ మాట చెప్పాలి.

హైదరాబాద్ వెళ్ళమని వదిన మళ్ళీ మెసేజ్ పెట్టింది. ఇంజెక్షన్లు మొదలయ్యాక పది పన్నెండు రోజులు, రెండు మూడు రోజులకో స్కాన్. అండాలు పక్వమవడానికి చివర్లో ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడ్డాక దాదాపు 36 గంటలకి అండాలు తీయాలి. అత్తయ్యని ఎవరికి వదిలి వెళ్ళను? అది కుదరదు.

రాత్రి తొమ్మిదింటికి పెద్దమ్మ ఫోన్ చేసింది. నేను ఏమీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. అమ్మ చెప్పేసినట్టుంది. ఎక్కడికి వెళ్ళారు, ఎంతవుతుంది, ఏమీ అడగలేదు. "అబ్బాయి కూడా లోపలికొచ్చాడా?" అని ఒక్కటే అడిగింది.

"వచ్చారు పెద్దమ్మా. పక్కనే కూర్చున్నారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మామిడి తాండ్ర పంపిస్తానంది, ఎవరో వైజాగ్ వస్తున్నారట.

ఆ లామినేషన్ కాగితం తాలూకు జెరాక్స్ ఒకటి నా సంచిలో ఉండిపోయింది. దాని వెనక రాసుకున్నాను. నా వయసు వాళ్ళు, సొంత అండాలతో, పోయిన ఏడాది ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది బిడ్డని ఇంటికి తీసుకెళ్ళారు. ఐదు రోజులూ ల్యాబులో ఎవరుంటారు. కరెంటు పోతే ఏం చేస్తారు. ఈయన రిపోర్టు బాగుంటే ఇక్సీ ఎందుకు. ఒకేసారి రెండు పిండాలు పెడతారా, ఒకటేనా. మిగిలితే దాచడానికి ఏడాదికి ఎంత.

పెద్దచోట డాక్టరు గారి అపాయింట్‌మెంటు సోమవారం సాయంత్రం నాలుగున్నరకి దొరికింది, ఇందాకే ఫోన్లో పెట్టుకున్నాను. మహారాణిపేట డాక్టరమ్మకి పొద్దున్నే ఫోన్ చేసి, బ్యాచ్ కాకుండా నా తేదీకే చేయడం కుదురుతుందేమో అడుగుతాను. నెలసరి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాలంటే నెలసరి రెండో రోజుకల్లా ఎక్కడో ఒకచోట ఉండాలి.

వాన మొదలైంది. మేడ మీద బట్టలున్నాయి.