సీసా మీది పేరు ఎవరిది?

పచ్చళ్లు, పొడులు తయారుచేసి అమ్మే మాలాంటి చిన్న వ్యాపారులు ఆహార భద్రత లైసెన్సుకూ జీఎస్టీ నంబరుకూ కాళ్లరిగేలా తిరుగుతారు గాని, సీసా మీది పేరు మాత్రం ఎటూ తమదేనన్న ధీమాతో ఉంటారు. జీఎస్టీ నమోదు గాని, కంపెనీ నమోదు గాని ఆ పేరుపై ట్రేడ్‌మార్క్ హక్కును, అంటే ఆ రకం సరుకుకు ఆ పేరును మనమే వాడుకునే హక్కును, ఇవ్వవు. దానికి 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం కింద విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

పేరు ఎంపికలోనే సగం పని ఉంది. ‘కమ్మని ఆవకాయ’ అంటే కొనేవారికి ఇట్టే అర్థమవుతుంది, మనకూ ముద్దుగానే ఉంటుంది. కానీ సరుకు గుణాన్ని మాత్రమే చెప్పే మాట పొరుగు వ్యాపారికీ అవసరమే కాబట్టి, దాన్ని ఒక్కరికే రాసివ్వడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. గుంటూరు సన్న మిర్చికి భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే జీఐ ట్యాగ్) ఉంది గాని, అది ఏ ఒక్క బ్రాండు సొత్తూ కాదు. సరుకుతో సంబంధం లేని కల్పిత పదానికి మొదట్లో ప్రచారం ఖర్చు ఎక్కువే అయినా, తగాదా వచ్చినప్పుడు గట్టిగా నిలిచేది అదే.

ట్రేడ్‌మార్క్ నమోదు కోసం సరుకులను తరగతులుగా విభజించారు; వాటిలో పచ్చళ్లు 29వ తరగతిలోకి, మసాలాలు 30వ తరగతిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకూ చిన్న సంస్థలకూ తరగతికి రూ.4,500 రుసుము. దరఖాస్తును అధికారిక ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రచురించాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవాలి. పేరు ఎప్పటినుంచి వాడుతున్నారో దరఖాస్తులో అడుగుతారు గనుక, తొలినాటి బిల్లులూ అచ్చువేయించిన లేబుళ్లూ పారేయకూడదు. నమోదు కాకముందు సీసాపై ‘టీఎం’ అని వేసుకోవచ్చు గాని, నమోదైందని చెప్పే, వృత్తంలోని ‘ఆర్’ గుర్తు వేయకూడదు.

తోటి వ్యాపారులకు నేను గట్టిగా చెప్పేది లేబుల్ బొమ్మ గురించి. బయటి డిజైనర్‌కు డబ్బు చెల్లించినంత మాత్రాన దాని కాపీరైట్ మన చేతికి వచ్చినట్టు కాదు. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఆ బదిలీ పరిమితమని చట్టం భావిస్తుంది. అమెరికాలోని తెలుగువారికి పార్సిళ్లు పంపేవారికి ఈ రెండో షరతు చిన్నదేమీ కాదు. పైగా ఇక్కడి ట్రేడ్‌మార్క్ అక్కడ చెల్లదు, అక్కడ మళ్లీ నమోదు చేయించుకోవాలి.

ఇక ఉప్పూకారాల పాళ్ల విషయానికొస్తే, వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి ఆ కొలతలు తెలిసిన పనివారితోనూ, మన సరుకు తయారుచేసిపెట్టే బయటి యూనిట్‌తోనూ గోప్యత ఒప్పందం ముందే రాయించుకోవాలి.