బిట్ బ్యాంకుకి దొరకని పరీక్ష: ప్రోగ్రామర్ల సర్టిఫికెట్ మొదలుపెట్టిన నా అనుభవం

గుంటూరులో ప్రోగ్రామర్లం కొంతమంది ఆదివారాలు బ్రాడీపేటలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడమీద కలుస్తుంటాం. ఫైలు నిండా కోర్సు సర్టిఫికెట్లున్నా ఒక లూప్ సొంతంగా రాయలేని పిల్లల్ని చూసి చూసి, మనమే ఒక పరీక్ష పెడదాం అనుకున్నాం. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసేవాళ్లు తమ సర్టిఫికెట్ పరీక్షల కోసం 1999లోనే లాభాపేక్ష లేని సంస్థగా ఎల్‌పీఐ (లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్) పెట్టుకున్నారు, మనకేం తక్కువ?

రిజిస్ట్రేషన్ పెద్ద కథేం కాదు. 2001 నాటి ఏపీ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, బైలాలు, సంతకాలు, అంతే.

అసలు గొడవంతా ప్రశ్నల దగ్గరే. పైథాన్ భాషలో 0.1 + 0.2 == 0.3 అని (ఆ రెండూ సమానమేనా అని) రాస్తే ఏమొస్తుంది అని ఒక బిట్ ఇచ్చాం. ట్రయల్ పరీక్షలో దాదాపు అందరూ ఫాల్స్ అని టిక్ పెట్టేసరికి మురిసిపోయాం, తీరా బయటికొచ్చాక ఎందుకలా వస్తుందని అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. 0.1ని కంప్యూటర్ వాడే బైనరీలో, అంటే సున్నాలూ ఒకట్లతో, కచ్చితంగా రాయడం కుదరదు, దగ్గరి విలువే మిగులుతుంది, కానీ మన ఊళ్లో బిట్ బ్యాంకు బట్టీ పట్టి పెరిగినవాడికి ఆ సంగతితో పనేముంది! అందుకే ఆ బిట్ తీసేసి కిరాణా కొట్టు బిల్లు ప్రోగ్రామ్ ఒకటి చేతికిచ్చాం: మొత్తంలో ఒక్కోసారి పైసా తేడా వస్తోంది, సరిచెయ్యండి, నెట్‌లో వెతుక్కున్నా ఫర్వాలేదు. డబ్బుని పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా లెక్కేసినవాళ్లెవరో, చివర్లో రౌండ్ అని తగిలించి చేతులు దులుపుకున్నవాళ్లెవరో ఇట్టే తేలిపోయింది.

తర్వాత పాస్ మార్కు. ఒకాయన 35 అన్నారు, ఇంకొకాయన 60కి తగ్గేదే లేదన్నారు. ఆంగాఫ్ పద్ధతి అని ఒకటుంది: బొటాబొటిగా పాసయ్యే స్థాయి వాళ్లు వందమంది ఉంటే అందులో ఎంతమంది ఈ ప్రశ్నకి సరైన జవాబు రాస్తారో ఒక్కో పరీక్షకుడు విడిగా అంచనా వేయాలి, వాటి సగటుతో పాస్ మార్కు తేలుతుంది. రోజూ కోడ్ రాసేవాళ్లం మేం 80 అన్న చోట ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే మేడమ్ 30 వేశారు. "మీరు మీ టీమ్‌ని ఊహించుకుంటున్నారండీ, నా క్లాసుకొచ్చి చూడండి" అన్నారు. ట్రయల్ పేపర్లు తీసి చూస్తే ఆవిడ లెక్కే దగ్గరగా ఉంది, మాలో చాలామంది అంకెలు దించుకున్నారు.

కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన హాలు ఊరికే ఇస్తానన్నాడు, బదులుగా శిక్షణ తనకే అప్పగించాలట. మనుషులకిచ్చే సర్టిఫికెట్ల మీద ఐఎస్ఓ 17024 అని ఒక ప్రమాణం ఉంది, శిక్షణా పరీక్షా ఒకే సంస్థ చేతిలో ఉంటే నిష్పాక్షికతకు ముప్పే అంటుంది. మాకా గుర్తింపు లేదు, ఇప్పట్లో రాదు కూడా, అయినా ఆ ముక్క మాత్రం బైలాల్లో రాసేసుకున్నాం. ఆయనకి కోపమొచ్చింది, రానివ్వండి.

ఇప్పుడు జావా కూడా పెట్టమని అడుగుతున్నారు. ప్రశ్నలు రాయగలిగినవాళ్లు ఇద్దరే ఉన్నారు కాబట్టి ప్రస్తుతానికి కుదరదన్నాం.