సోయాచిక్కుడు విత్తన పంటకు అదను కుదుర్చుకున్న తీరు

సోయాచిక్కుడులో దిగుబడికి మంచిదైన అదనే విత్తన నాణ్యతకూ మంచిదవుతుందా అన్న సందేహం తీర్చుకోవడానికి, ఒకే రకాన్ని ఒకే చేనులో కొద్ది వారాల ఎడంతో వేర్వేరు మడులుగా విత్తాను. ముందు విత్తిన మడిలో మొక్కలు ఏపుగా పెరిగి కాయలు విరగకాశాయి. అయితే ఆ మడిలో గింజ నిండే దశ వేడి రోజుల్లోనూ, కాయ ఎండే దశ వాన తెరిపివ్వని రోజుల్లోనూ పడింది.

కాయ రంగు తిరిగే సమయానికి గింజ పూర్తి బరువును సంతరించుకుంటుంది; అప్పుడు దానిలో తేమ ఇంకా సగం దాకా ఉంటుంది. అక్కడి నుంచి నూర్పిడికి అనువైన 13–14 శాతానికి తేమ దిగేవరకు గింజ ఆరుబయట నిల్వ ఉన్నట్టే లెక్క. ఈ వ్యవధిలో వానా ఎండా మార్చి మార్చి తగిలితే గింజ ఉబ్బుతూ ముడుచుకుంటూ పలుచని పైపొర ముడతలు పడి పగులుతుంది. ఆ పొర కిందనే మొలక వేరు ఉండటంతో దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. వెచ్చని తడి వాతావరణంలో ఫోమాప్సిస్ శిలీంధ్రం కూడా చేరి గింజను సుద్దరంగుకు తిప్పి కుళ్ళబెడుతుంది. గింజ మీద వచ్చే మరో తెగులు, ఊదారంగు మచ్చ, చూపుకు భయపెడుతుంది గానీ, ఫోమాప్సిస్‌తో పోలిస్తే అది మొలకకు చేసే చెరుపు తక్కువ.

తడి కాగితపు చుట్టల్లో 25 డిగ్రీల వద్ద 8 రోజులు ఉంచే మామూలు మొలక పరీక్షలో మడుల మధ్య తేడా స్వల్పంగానే కనిపించింది. దానితో తృప్తి పడక, నిల్వలో గింజ ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవడానికి, తేమతో నిండిన గాలిలో 41 డిగ్రీల వద్ద 72 గంటలు ఉంచి ఆ తర్వాత మొలకెత్తించే పరీక్ష కూడా చేయించాను. ముందు విత్తిన మడి గింజలు అందులో చతికిలబడ్డాయి, చల్లని పొడి రోజుల్లో పండిన మడి గింజలు నిలిచాయి. విత్తనాన్ని నెలల తరబడి నిల్వ చేయదలచిన వారికి నా దృష్టిలో ఈ రెండో పరీక్షే ముఖ్యం.

ఆలస్యంగా విత్తితే చాలునని దీని అర్థం కాదు. పగటి నిడివి తగ్గేకొద్దీ పూతకు తొందరపడే పంట కనుక మొక్క పొట్టిగా ఉండిపోతుంది, కొమ్మలు తగ్గుతాయి. అన్నిటికన్నా చివర విత్తిన మడిలో, గింజ నిండుతుండగానే నేలలో పదును ఆరిపోయి, మొక్కలు ముందే ఎండి పచ్చగింజలు మిగిలాయి. అందుకే కాయ ఎండడానికి చల్లగా, పొడిగా ఉండే వారాలను ముందు ఎంచుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించి విత్తే తేదీ నిర్ణయిస్తున్నాను. ఆలస్యమైన కొద్దీ పంటకాలం కుదించుకుపోతుంది కాబట్టి, రకానికి చెప్పే రోజులను యథాతథంగా తీసివేయడం కుదరదు.

ఇప్పుడు అమ్మే గింజకు పెద్ద మడిని ముందే విత్తి, విత్తనానికి చిన్న మడిని ఆ లెక్క ప్రకారం తర్వాత విత్తుతున్నాను. ఈ చిన్న మడిలో వరుసలను దగ్గర చేసి, విత్తన మోతాదును కొంత పెంచి, తేమ 14 శాతానికి దిగగానే నూర్పిడి యంత్రాన్ని తక్కువ వేగంతో నడిపిస్తున్నాను.